పన్నెండు ప్లగ్గులు

బెంగుళూరా కాయ అయిపోయి
గుజ్జు ఫ్యాక్టరీ బాయిలర్లు చల్లారిన ఆడి నెలలో
మద్రాసు నుంచి లారీ మీద, టార్పాలిన్ కింద
వచ్చింది చిత్తూరుకి, గ్రీమ్స్‌పేటలో మా షెడ్డుకి.

తాళ్ళు విప్పితే
ముందుగా కనిపించింది మూడు కొనల బొమ్మ.
"త్రిశూలం" అన్నాడు వెల్డింగ్ గురవయ్య.
"కాదప్పా, నామం. బాగా చూడు"
అన్నాడు టీ తెచ్చిన వరదన్.
రెండు ప్లేట్ల బజ్జీలకు పందెం.

ఏకాంబర మొదలియార్ మనవడు నవ్వాడు.
అది వాళ్ళ ఊరి నడిబొడ్డున
ఫౌంటెన్ మీద నిలబడ్డ సముద్రదేవుడి చేతిదంట.
ఊరి పేరు బొలోన్యా. ఆ ఊరికి సముద్రం లేదంట.
మేమేం ఆశ్చర్యపోలేదు.
మాకూ నీవా నది ఉంది,
నీళ్ళుండవు.

మాసెరాటి అన్నదమ్ములు ఆరుగురు.
అయిదుగురు ఇంజన్ల పిచ్చోళ్ళు.
ఒకడికి మాత్రం రంగులూ కుంచెలూ.
గోళ్ళల్లో మసి చేరని ఆ ఒక్కడు గీసిన బొమ్మే
ఇన్నేళ్ళూ బండి ముక్కు మీద మిగిలింది.
"ఇంటికొక పనికిరానోడు ఉండాల"
అన్నాడు దస్తగిరి, బీడీ ఆర్పుతూ.

యుద్ధం రోజుల్లో స్పార్క్ ప్లగ్గులు చేశారట.
తర్వాత రేసు బండ్లు, తర్వాత అప్పులు,
కంపెనీని ఎవరికో అమ్మేశారు.
ఈ బండి పుట్టేనాటికి
ఆ షెడ్డులో అన్నదమ్ముల్లో ఒక్కడూ లేడు.
వాళ్ళ పేరు మాత్రం పొద్దున్నే డ్యూటీకొచ్చేది.

ఆరు సిలిండర్లు, సిలిండరుకి రెండేసి,
పన్నెండు ప్లగ్గులు నా ముందు పోసి
ఉప్పుకాగితం ఇచ్చారు.
నాకప్పుడు పదహారేళ్ళు.

దస్తగిరిది
గుజ్జు తొట్లూ పెళ్ళి గుండిగలూ
ముప్పైయేళ్ళు సాపు చేసిన చెయ్యి.
ముందు రెక్కను గోటితో మీటి, చెవి ఆనించి,
"ఇనుము కాదురా" అన్నాడు. "సత్తు."
మా అమ్మ సంగటి కెలికే గిన్నె లోహం
ఇంత నడుము వంపు తిరుగుతుందని
నాకెవరు చెప్పారు?

ఎడమ తలుపు విప్పిన రోజు
చాలాసేపు మాట్లాడలేదు.
టార్చిలైటు తెమ్మన్నాడు.
రేకు వెనకాల, రంగు ఎన్నడూ తాకని చోట
సుత్తి దెబ్బలు,
చేప పొలుసుల్లా, అన్నీ ఒక్క వైపుకే వాలి.
"ఎడంచేతోడు.
ఇదో, ఇక్కడ తొందరపడినాడు, పొద్దు వాలినట్టుంది.
ఇక్కడ మళ్ళా దావకొచ్చినాడు."
మిలాన్ అట ఆ ఊరు. మొదలియార్ మనవడు
పుస్తకాలన్నీ తిరగేశాడు.
కొన్నవాళ్ళ పేర్లున్నాయి, నడిపినవాళ్ళ పేర్లున్నాయి.

చొట్టపడిన మూలని
చింతమొద్దు మీద, ఇసక సంచి మీద పెట్టి
దస్తగిరి సుత్తిని ఎడంచేతికి మార్చుకున్నాడు.
కుడిచేత్తో అయితే ఒక పూట పని.
మూడు రోజులు పట్టింది.
రెండుసార్లు బొటనవేలు నలిగింది.
ఎందుకన్నా అంటే
బిన్నా ప్లగ్గులు తోమమని కసిరాడు.

మూడు కార్బురేటర్లు.
రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో,
ఒక కొన వాటి నోట్లో పెట్టి
గురవయ్య మూడింటి ఊపిరీ ఒకటి చేశాడు.
అంతసేపూ
రోడ్డు మీద లారీ హారన్లను బూతులు తిట్టాడు.

రాత్రికి రాత్రి దేశాలు దాటి
నలగని చొక్కాతో దిగేవాళ్ళ కోసం చేసిన బండి.
మేం మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు దాకా పోయాం.
వెనక సీట్లో పనిముట్ల పెట్టె, దాని పక్కన నేను.
నా చొక్కా నలిగింది.
అడవి గాలి, కాలిన ఆయిలు వాసన,
టమాటా లారీ ఒకటి దారిచ్చి
అట్లాగే చూస్తా ఉండిపోయింది.

మూడో మలుపులో ఒక చిన్న తడబాటు.
జంట ప్లగ్గు ఆ భారం లాక్కుపోయింది,
ఎవరికీ తెలియలేదు.
అది ఏడోది.
వరదన్ టీ తెచ్చాడని నేను సగంలో వదిలేసింది.
ముందు సీట్లోంచి దస్తగిరి
వెనక్కి తిరిగి
నా మొహం కాదు, నా చేతులు చూశాడు.

పలమనేరులో బజ్జీలు తిన్నాం.
శూలమా నామమా తేలలేదు గనక
డబ్బులు ఆయనే ఇచ్చాడు,
ఎడంచేత్తో.